మాస్టారి క్రేను

క్రేను బండిని వేలంలో చూసింది నేను. బేరమాడింది నేను. దాని ఇంజను మా పెరట్లో విప్పుకుని, మూడు నెలలు గోనెపట్టా మీద కూర్చుని మళ్లీ బిగించింది కూడా నేనే. కోనసీమలో మాత్రం అమలాపురం నుంచి రాజోలు దాకా అందరూ దాన్ని మాస్టారి క్రేను అన్నారు. ఇప్పటికీ ఎవరైనా ముసలివాళ్లు కనపడితే, మాస్టారి క్రేను నడిపింది మీరే కదండీ అని అడుగుతారు. అడిగిన ప్రతిసారీ నాకు ఒళ్లు మండుతుంది.

మాస్టారు అంటే నా తోడల్లుడు. మా ఆవిడ చెల్లెల్ని చేసుకున్నారు. వయసులో నాకన్నా ఆరు నెలలు పెద్ద, కాని ఆ ఇంటికి పెద్దల్లుణ్ణి నేను కాబట్టి నన్ను అన్నయ్యగారూ అని పిలిచేవారు. నేను ఆయన్ని తమ్ముడుగారూ అనేవాణ్ణి. మా ఇద్దరి మధ్య నాకు దక్కిన పెద్దరికం ఆ పిలుపొక్కటే.

మా నాన్న, వాళ్ల నాన్న ఇద్దరూ కామందుల పొలాల్లో కూలి చేసినవాళ్లే. ఇద్దరం ఒకే మిషను బడిలో ఓనమాలు దిద్దాం. ఆయనకి చదువు అబ్బింది, పంతులయ్యారు. నాకు అబ్బలేదు. ప్రభుత్వ వర్క్‌షాపులో హెల్పరుగా చేరి, లారీల కింద ముప్పై ఏళ్లు పడుకుని, హెడ్ మెకానిక్‌గా బయటికొచ్చాను. యాభై అయిదు దాటినవాళ్లందరినీ ప్రభుత్వం ఒక్క ఉత్తర్వుతో ఇంటికి పంపిన ఏడాది అది. ఇద్దరం ఒకే రోజున రిటైరయ్యాం. ఆయన బడిలో శాలువా కప్పారు, దండలు వేశారు, ఆడపిల్లలు ఏడ్చారు. మా వర్క్‌షాపులో టీ ఇచ్చారు. బిస్కెట్ కూడా ఇచ్చారనుకోండి, అబద్ధమెందుకు.

పాత మిలటరీ లారీ అది. వెనకాల చిన్న క్రేను, ఇనప తాడు, కొక్కెం. చేత్తో కడ్డీ తిప్పితే గాని ఇంజను లేచేది కాదు. ఇంట్లో కూర్చుంటే తుప్పు పట్టిపోతానని భయమేసి కొన్నాను. సొంతంగా కొనే స్తోమతు లేదు. అప్పుడు మా ఆవిడ, "మరిదిగారు ఇంట్లో దిగులుపడిపోతున్నారంట, ఆయన్ని కూడా కలుపుకోండి," అంది. కలుపుకున్నాను. బండిలో సగం డబ్బు ఆయనది. ఈ మాట మొదటే రాయాల్సింది, చెయ్యి రాలేదు.

పనికి మాత్రం కొదవ లేదు. ఒకప్పుడు కామందులు మోజుపడి కొనుక్కున్న కార్లు కొబ్బరితోటల్లో మట్టల కింద పడుండేవి. ఉప్పుగాలికి రేకులు అప్పడాల్లా పొడయ్యేవి. సీట్లలో కోళ్లు గుడ్లు పెట్టేవి. అలాంటి తుక్కు కార్లని లాగి, ముందు చక్రాలు క్రేనుకి ఎత్తి కట్టి, కొత్తపేట మీదుగా రావులపాలెం వంతెన దాటించి రాజమండ్రిలో తుక్కు వ్యాపారులకి చేర్చేవాళ్లం. మా రోడ్లన్నీ కాలవగట్లే. నేల మెత్తన. బరువు ఎత్తేముందు చక్రాల వెనక కొబ్బరి మొద్దులు పరిచి గాని నేను పని మొదలుపెట్టేవాణ్ణి కాదు. నాలుగేళ్లలో ఒక్క బండి కూడా కాలవలో పడలేదు. ఆ సంగతి ఎవరూ చెప్పుకోరు.

క్రేనుకి ఇద్దరు కావాలి. ఒకరు పైన లీవరు దగ్గర నిలబడాలి, ఇంకొకరు కింద గొలుసు చుట్టి కొక్కెం తగిలించాలి. లీవరు నాది, గొలుసు ఆయనది. వర్క్‌షాపులో మేము చేతి సైగలతోనే పని చేసేవాళ్లం. బొటనవేలు పైకి చూపిస్తే ఎత్తమని, పిడికిలి బిగిస్తే ఆపమని. ఆ సైగలు ఆయనకి నేర్పబోతే మొహమాటపడిపోయారు.

"అన్నయ్యగారికి బొటనవేలు చూపించడమేంటండీ, వెక్కిరించినట్టుంటుంది. మీరు నోటితో అడగండి, నేను నోటితో చెప్తాను," అన్నారు.

అలా మా పద్ధతి కుదిరింది. నేను పైనుంచి "ఎత్తమంటారా?" అని అడగాలి. ఆయన చెయ్యి తీసేసి, పక్కకి జరిగి, "ఆయ్" అనాలి. అప్పుడు నేను లీవరు లాగాలి. ఇబ్బందేంటంటే అవునన్నా, సరేనన్నా మా గోదావరి మనుషులకి ఊపిరి పీల్చినంత తేలిక ఆ మాట. అందులోనూ ఆయన మరీను. ఎవరేమన్నా ముందు ఆయ్ అనేవారు, తరవాత వినేవారు. ఒకసారి గట్టిగానే చెప్పాను, గొలుసు దగ్గర కూర్చున్నప్పుడు నాకు తప్ప ఇంకెవరికీ ఆయ్ అనకండి అని.

"ఆయ్," అన్నారు.

ఆయన పాఠాలు చెప్పని ఊరు లేదు. బదిలీల మీద బదిలీలు. ఎక్కడికి వెళ్లినా శిష్యులు. బండారులంకలో ఒకసారి వీధి చివర పడున్న కారు తీసుకురావడానికి వెళ్లాం. పొద్దున్నే నేతవాళ్లు వీధి పొడుగునా పడుగు సాగదీసి గంజి పెడుతున్నారు. నేను హారను కొట్టాను. ఒక్కరూ తల తిప్పలేదు. ఇంకోసారి కొడితే ఒకాయన చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"ఆరేదాకా ఆగాలండి. మధ్యలో కదిపితే పోగులు అంటుకుపోతాయండి."

న్యాయమైన మాటే. నేను ఇంజను కట్టేశాను. అప్పుడు రెండో పక్క నుంచి మాస్టారు బండి దిగారు. ఆ వీధిలో గాలి మారిపోయింది. "మాస్టారండి, మాకు ఎక్కాలు చెప్పిన మాస్టారండి," అంటూ నలుగురు లేచారు, వాళ్లని చూసి ఇంకో నలుగురు. ఆ తడి పడుగుని కర్రలతో సహా ఎత్తి అరుగుల పక్కకి జరిపారు. ఆయన వద్దు వద్దంటూనే ఉన్నారు. నేను బండిని ఆ సందులోంచి గోడకి జానెడు ఎడంలో పోనిచ్చాను. అంత పెద్ద లారీని అలా పోనివ్వడం ఎంతమందికి వస్తుంది? ఎవరూ చూడలేదు. అందరూ మాస్టారిని పిల్లలెంతమందని అడుగుతున్నారు.

కామందుల ఇళ్ల దగ్గరయితే ఇంకా బాధ. ఆయనకి కుర్చీ వేసేవారు. కొబ్బరినీళ్లు గాజు గ్లాసులో పోసి ఇచ్చేవారు. తరవాత ఎవరో ఒకరు గుర్తొచ్చి, "ఆ డ్రైవరుకి కూడా ఒక బొండం కొట్టివ్వండి," అనేవారు. మా నాన్నలిద్దరూ ఆ వాకిళ్లలో తలపాగా తీసి నించున్నవాళ్లే. మా వాళ్లలో ఒకరికి అక్కడ కుర్చీ పడిందంటే నేను సంతోషించాల్సింది. సంతోషించలేకపోయాను. సుద్దముక్కకి పడిన కుర్చీ స్పానరుకి ఎందుకు పడదని కుళ్లుకున్నాను.

ఆయన తప్పేమీ లేదు. ప్రతి చోటా, "ఆయన మా అన్నయ్యగారండి, బండి ఆయనదేనండి, నేను ఊరికే కూడా వస్తున్నానండి," అని చెప్పేవారు. వాళ్లు వినేవారు కాదు. మాస్టారికి గొప్పలు చెప్పుకోవడం చేతకాదని ఇంకా మురిసిపోయేవారు. నా గురించి చెప్పిన మంచి కూడా తిరిగి ఆయన ఖాతాలోనే పడేది. ఇంట్లో మా ఆవిడ, రోజంతా పని చేసినా మరిదిగారి పంచెకి మరక అంటదని మెచ్చుకునేది. పంచెకి మరక అంటలేదంటే పని ఎవరు చేసినట్టు?

ఇదంతా మింగలేక కక్కలేక నాలుగేళ్లు లాక్కొచ్చాను. రాజోలు పక్క ఒక ఊళ్లో బయటపడింది.

చలికాలం, ఎండ ఇంకా కొబ్బరి మొవ్వుల్లోనే ఉంది. ఒక కామందుగారి తోటలో పాత కారు ముందు చక్రాలు రెండూ బోదెలోకి దిగిపోయి ఉన్నాయి. బోదె అంటే తోటలో చెట్ల వరసల మధ్య నీళ్లు పారే కాలవ. నేను మొద్దులు పరిచి, బండిని వెనక్కి పెట్టి, పైకెక్కి లీవరు పట్టుకున్నాను. మాస్టారు పంచె మడిచి కట్టుకుని, బోదె అంచున కూర్చుని కారు ముందు ఇరుసుకి గొలుసు చుడుతున్నారు. నాకు ఆయన వీపు, భుజాలు కనపడుతున్నాయి. చేతులు కనపడటం లేదు.

ఆ తోట ఇప్పుడు కామందుగారి కొడుకుది. ఈయన దగ్గర చదువుకున్నవాడే. వచ్చి పక్కన నిలబడి పలకరించాడు.

"రిటైరయ్యేక బండి కొన్నారన్నమాట మాస్టారూ. డ్రైవరుని జీతానికి పెట్టుకున్నారాండీ?"

"ఆయ్," అన్నారు మాస్టారు.

ఆయన విన్నారో లేదో. తొంభై పాళ్లు వినుండరు. గొలుసు మీద ఉంది ధ్యాస. కాని నేను విన్నాను. ఆ ప్రశ్న విన్నాను, ఆ జవాబు విన్నాను. ఆ ఆయ్ నాకు చెప్పింది కాదు. నేను ఏమీ అడగలేదు. అడగలేదని ఆ క్షణాన నాకు స్పష్టంగా తెలుసు. ఇన్నాళ్లూ బండి మా అన్నయ్యగారిదని చెప్పిన మాటలన్నీ ఆ ఒక్క ఆయ్‌తో కొట్టుకుపోయాయి. లీవరు లాగాను.

ఆయన వేళ్లు నలగాలని కోరుకున్నానా అని నన్ను నేను చాలాసార్లు అడిగాను. లేదు. గొలుసు ఒక్కసారి బిగిస్తే ఉలిక్కిపడి వెనక్కి పడతారని, ఆ తెల్లపంచె బురదవుతుందని, ఆ శిష్యుడి ముందు నలుగురిలో నవ్వులపాలవుతారని అనుకున్నాను. అంతవరకే. కాని గొలుసు చుట్టేవాడి చెయ్యి గొలుసు దగ్గరే ఉంటుందని, ముప్పై ఏళ్లు ఆ పనిలో ఉన్నవాడికి ఒకరు చెప్పాలా?

ఆయన అరవలేదు. "అన్నయ్యగారూ," అన్నారు మెల్లగా, ఏదో మరిచిపోయింది గుర్తు చేస్తున్నట్టు. వెంటనే దించేశాను. కుడిచెయ్యి, చూపుడువేలు, మధ్యవేలు.

ఆ కుర్రకామందు తన కార్లో ఆయన్ని అమలాపురం ఆసుపత్రికి తీసుకుపోయాడు. నేను క్రేను బండి వేసుకుని వెనకాల బయలుదేరాను. అది ఎంత తొక్కినా ఎడ్లబండి కన్నా కొంచెం జోరు, అంతే. దారి పొడుగునా ఒకటే మాట నోట్లో తిప్పుకుంటూ వచ్చాను: ఆయ్ అన్నారు, ఎత్తేను. ఆయ్ అన్నారు, ఎత్తేను. అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు.

ఆసుపత్రి వరండాలో మా ఆవిడ, మా మరదలు, పాస్టరుగారు, ఎక్కడినుంచి వచ్చారో నలుగురైదుగురు శిష్యులు ఉన్నారు. నేను నోరు తెరవబోయాను. మా ఆవిడ ఎదురొచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"మరిదిగారు అంతా చెప్పేరు. మీరు ఎత్తమంటారా అని అడిగేరంట. చెయ్యి తియ్యకుండానే తనే తొందరపడి ఆయ్ అనేసేరంట. అన్నయ్యగారి తప్పేం లేదని మత్తు ఇచ్చేదాకా అదే మాటండి. మీరు మనసులో పెట్టుకోకండి."

నేను అడిగానని ఆయన చెప్పారు. నేను అడగలేదు. ఆయన అబద్ధమాడగా నేనెప్పుడూ వినలేదు. నొప్పిలో నిజంగానే అలా అనుకున్నారా, కావాలనే అన్నారా? తెలియదు. నేను దారంతా కూడబెట్టుకున్న మాట నా నోట్లోనే ఉండిపోయింది. చివరికి నా తప్పుకి సాకు కూడా ఆయనే నాకన్నా బాగా చెప్పారు.

రెండు వేళ్లూ సగానికి తీసేశారు. ఇంటికి తెచ్చాక నెల్లాళ్లు జనం. పళ్లు, బ్రెడ్డు, ఏ ఊరినుంచో బుట్టెడు గుడ్లు. వీధరుగు మీద చెప్పులు పెట్టడానికి చోటుండేది కాదు. అంతమంది వస్తున్నారని నాకు అసూయ వేసిందంటే నమ్ముతారా? వేసింది. వేళ్లు తీసిందేమో నేను, చూడటానికి వచ్చేదేమో ఆయన్ని. నా బుద్ధి మీద నాకే అసహ్యం వేసింది, అయినా ఆ ఏడుపు ఆగలేదు.

ఆయన మా సంఘంలో పెద్ద. ఇల్లు కదలగలిగిన మొదటి ఆదివారం గుడిలో లేచి సాక్ష్యం చెప్పారు. కట్టు ఉన్న చెయ్యి గుండెకి ఆనించుకుని, "దేవుడి దయ, మా అన్నయ్యగారి దయండి. ఆయన కనిపెట్టి వెంటనే దించబట్టి చెయ్యి దక్కిందండి. వేరే ఎవరైనా అయితే మోచేతి దాకా పోయేదండి," అన్నారు. గుడి మొత్తం వెనక్కి తిరిగి నన్ను చూసింది. పాస్టరుగారు నా పేరు పెట్టి ప్రార్థన చేశారు. బయటికొచ్చాక ముక్కూ మొహం తెలియనివాళ్లు వచ్చి చేతులు పట్టుకున్నారు. "మీ చేతిలో పనితనం ఉంది కాబట్టి సరిపోయిందండి," అన్నాడొకాయన. జీవితమంతా ఎవరైనా అనాలని నేను ఎదురుచూసిన మాట అది. ఆ రోజు అన్నం సయించలేదు.

తరవాత రెండు నెలలు నేను ఒక్కణ్ణే బండి తీశాను. కూలికి ఒక మనిషిని పెట్టుకుని గొలుసు చుట్టించాను. ప్రతిసారీ రెండుసార్లు అడిగి, దిగి వచ్చి చూసుకుని, మళ్లీ ఎక్కి లీవరు పట్టుకునేవాణ్ణి. అయినా లాగలేక మళ్లీ దిగేవాణ్ణి. లాభం లేదని బండిని రాజమండ్రిలో అదే తుక్కు వ్యాపారికి అమ్మేశాను. ఆయన వాటా ఇవ్వడానికి వెళ్లినట్టుగా వెళ్లి, ఉన్నదున్నట్టు చెప్పేద్దామని ఈస్టరు వెళ్లిన వారంలో ఒక సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను.

అరుగు మీద కూర్చుని, ఎడంచేత్తో పెన్సిలు పట్టుకుని, రెండు గీతల పుస్తకంలో అక్షరాలు దిద్దుకుంటున్నారు. ముత్యాల్లాంటి దస్తూరీ ఆయనది. మా ఇళ్లల్లో పెళ్లి కార్డుల మీద పేర్లన్నీ ఆయనే రాసేవారు. పుస్తకంలో అక్షరాలు గీత దాటి పోతున్నాయి. నన్ను చూసి మా మరదలిని టీ పెట్టమని లోపలికి పంపారు.

"తమ్ముడుగారూ, ఆ వేళ తోటలో నేను..." అని మొదలుపెట్టాను.

"మీరు అడగలేదండి," అన్నారు పుస్తకంలోంచి తల ఎత్తకుండానే. "నాకు తెలుసండి."

అరుగు మీద కూలబడ్డాను.

"తెలిసి, అడిగేనని ఎందుకు చెప్పేరు?"

"వదినగారు ఏడుస్తా వచ్చేరండి. ఏమైందని అడిగేరు. ఆవిడ మొహం చూసేక అదే వచ్చిందండి నోటికి. ఒకసారి అనేసేక ఇంక దిద్దుకోలేకపోయేను."

"నేను చెప్పేస్తాను. మా ఆవిడకి చెప్తాను. వచ్చే ఆదివారం సంఘంలో లేచి చెప్తాను."

ఆయన పెన్సిలు పక్కన పెట్టి అప్పుడు నా వైపు చూశారు.

"వద్దండి. మీరు చెప్తే నేను అందరి ముందూ క్షమించాలండి. సంఘపెద్దని, కుదరదంటే బాగోదు. క్షమిస్తే మాస్టారు ఎంత మంచివారో అని ఊరంతా అంటారండి. ఆ మాట మీరు తట్టుకోలేరండి అన్నయ్యగారూ."

ఎన్నేళ్లుగా నా లోపల కుళ్లుతున్నదంతా ఆయనకి తెలుసు. ప్రతి కుర్చీ దగ్గరా, ప్రతి బొండం దగ్గరా చూస్తూనే ఉన్నారు. చూసే, బండి మా అన్నయ్యగారిదని చెబుతూ వచ్చారు. నాకు తలకొట్టేసినట్టయింది. అంత సిగ్గులోనూ, ఈయనకి ఇది కూడా నాకన్నా ముందే తెలుసే అని మనసు చివుక్కుమంది.

లోపల గిన్నెల చప్పుడు వినపడుతోంది. ఆయన ఆ సగం వేళ్ల చెయ్యిని ఒళ్లో పెట్టుకుని, రెండో చేత్తో నిమురుకున్నారు.

"పైగా," అన్నారు, "నేనింకా క్షమించలేదండి. రోజూ ప్రార్థనలో అడుగుతానే ఉన్నాను, రావడం లేదు. వచ్చిన రోజున మీ ఇంటికొచ్చి చెప్తాను."

మా మరదలు టీ తెచ్చింది. ఇద్దరం తాగాం. ఇంటికి నడిచి వస్తుంటే నాకు ఆయన మీద అసూయ లేదని దారిలో తెలిసింది. మంచివారని నేను ఏడ్చిన మనిషి, కుర్చీలో కూర్చున్న మనిషి, నాలాగే కడుపులో మంట పెట్టుకుని వారం వారం గుడికి వెళుతున్నారు. ఆ మంట పెట్టింది నేను.

ఆ తరవాత ఆయన రెండేళ్లు బతికారు. మా ఇంటికి ఎన్నోసార్లు వచ్చారు. వచ్చిన ప్రతిసారీ గేటు చప్పుడుకి లేచి నిలబడేవాణ్ణి. ఎడంచేతి దస్తూరీ బాగా కుదిరిందని చూపించారు, మనవరాలి బాప్తిస్మం సంగతి చెప్పారు, మోకాళ్ల నొప్పులు చెప్పారు. అన్నీ మాట్లాడి, వెళ్లొస్తానండీ అని వెళ్లిపోయేవారు. చెప్తానన్నది మాత్రం చెప్పకుండానే పోయారు.